తాత పేరున రాసుకున్న ప్రశ్న

మా తాత కుర్చీ ఆ క్లబ్బులో కిటికీ పక్కన ఉంటుంది. దానికోసం ఆయన రెండుసార్లు దరఖాస్తు పెట్టి, రెండుసార్లూ కాదనిపించుకున్నాడు. పాత వాషర్మెన్‌పేటలో ఒక కాగితాల హోల్‌సేల్ దుకాణం మేడ మీద నడిచే ఆ క్లబ్బు, పనులు చాలించుకున్న తెలుగు మగవాళ్ళది. సభ్యుల్లో ఎక్కువమంది కందిపప్పో ఇనుమో టోకున అమ్మిన కుటుంబాల పెద్దలు. మిగిలినవాళ్ళు వాళ్ళ దగ్గర పనిచేసిన అకౌంటెంట్లు. మా తాత మాత్రం మనలి దాటాక ఉన్న ఒక ఆయిల్ ట్యాంకుల యార్డులో ముప్పై ఏళ్ళు డిప్పు వేసిన మనిషి. అంటే ట్యాంకు మెట్లెక్కి, పైమూత తెరిచి, కొసన ఇత్తడి గుండు కట్టిన టేపును అడుగు తగిలేదాకా లోపలికి వదిలి, పైకి లాగి, అది ఎంత మేరకు తడిసిందో చూసి రాసేవాడు. అది ఒళ్ళు మురికయ్యే పని, కాబట్టి క్లబ్బు తలుపు దగ్గర అదే అడ్డం వచ్చింది. మూడోసారి ఒక పాత స్నేహితుడు పట్టుబట్టి చేర్పించాడు. ఆ స్నేహితుడు ఇప్పుడు లేడు. సాయంత్రం నాలుగింటికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళి, ఏడింటికి తిరిగివచ్చే ఆ మూడు గంటలు తప్ప మా తాతకు తనవాళ్ళంటూ ఎవరూ లేరు. ఇల్లు ఉంది, అమ్మ ఉంది, నేనున్నాను; కానీ మాతో ఆయన క్యారమ్స్ ఆడడు, రాజకీయాలు మాట్లాడడు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను కాబట్టి ముందే చెబుతున్నాను.

నెలకొకసారి అక్కడ ఒక ఉపన్యాసం ఉంటుంది. ఈ ఏడాది ఒక నెల, చమురు కంపెనీల్లో పెద్ద పదవులు చేసి రిటైరైన ఒకాయన వచ్చి ఆ పరిశ్రమ గురించి మాట్లాడతాడని నోటీసు పెట్టారు. తాత ఆ మాట భోజనాల దగ్గర చెప్పగానే నేను వస్తానన్నాను. కాలేజీలో మూడేళ్ళు డిబేట్ జట్టులో ఉన్నదాన్ని. ప్రశ్న ఎలా కట్టాలో అక్కడ నేర్పారు: మొదట ఎదుటివాడు కాదనలేని మాట, తర్వాత దాని నుంచి తప్పక వచ్చే మాట, చివర అతను తప్పించుకోలేని మాట. ఎన్నూరు దారిలో లారీల వెనక స్కూటీ నడుపుతూ, వాగు నీటి మీద రంగురంగుల జిడ్డు చూస్తూ పెరిగినదాన్ని. అడగవలసినవి నాలో చాలా పేరుకుని ఉన్నాయి.

"రా, కానీ ఒక ప్రశ్నే. అదీ మర్యాదగా," అన్నాడు తాత. ఆయనకు లోలోపల సంబరంగానే ఉంది. మనవరాలు మాట్లాడితే సభ దద్దరిల్లుతుందని క్లబ్బువాళ్ళకు అప్పటికే చెప్పి ఉంచాడట.

ఒక ప్రశ్నే అన్నది ఆ క్లబ్బు నియమం. అక్కడ అతిథికి సొంతంగా మాట్లాడే హక్కు లేదు. ఒక సభ్యుడికి ఒక సభలో ఒక ప్రశ్న. అతిథి అడగాలంటే తనను తీసుకువచ్చిన సభ్యుడి వంతు వాడుకోవాలి. అతిథి అడిగి కూర్చున్నాక సెక్రటరీ ఆ సభ్యుడి వైపు తిరిగి, "ప్రశ్న మీదేనా?" అంటాడు. సభ్యుడు లేచి "నాదే" అనాలి. అప్పుడు మినిట్స్ పుస్తకంలో అది సభ్యుడి పేరునే రాసుకుంటారు. "కాదు" అంటే రాయరు. అసలు అడగనట్టే లెక్క. సాధారణంగా ఇదంతా వేడుకగా సాగుతుందట. ఎనిమిదేళ్ళ మనవడు లేచి గుండె డాక్టరును "దెయ్యాలకు గుండె ఉంటుందా?" అని అడిగితే, డెబ్బై ఎనిమిదేళ్ళ తాత గంభీరంగా లేచి "నాదే" అన్నాడని, అది పుస్తకంలో ఇప్పటికీ ఉందని చెప్పుకుని నవ్వుతారు.

నేను వెళ్ళిన రోజు ఆ గదిలో నలభైమంది మగవాళ్ళు, నేను ఒక్కదాన్నే ఆడదాన్ని. కుర్చీలు చాలక నాకు క్యారమ్ ఆటగాళ్ళ స్టూలు వేశారు. "ఏమ్మా, నువ్వేనా ఆ లాయరమ్మ?" అన్నాడొకాయన. కాదు, ఎకనామిక్స్ అన్నాను. "ఏదైతేనేం, నోరుంటే సాలు," అన్నాడాయన. చుట్టూ నవ్వారు. తాత కూడా నవ్వాడు. అప్పటినుంచే నాకు ఒళ్ళు మండుతోంది.

ఉపన్యాసం గంటన్నర సాగింది. వక్త తెల్ల చొక్కా, బంగారు ఫ్రేము కళ్ళద్దాలు, తొణకని గొంతు. తెర మీద సముద్రంలో సూర్యాస్తమయం, దాని ముందు చమురు తవ్వే ఒక వేదిక. ఆ బొమ్మను ఆయన ఎంతసేపు ఉంచాడంటే, చమురు తీసేది సూర్యాస్తమయాల కోసమేనని అనుకోవాలి. దేశం నడిచేది తమ వల్ల, పొలాలకు ఎరువు వచ్చేది తమ వల్ల, మనం కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ తమ వల్ల అని ఒక్కొక్కటే మా ముందు పెట్టాడు. అవన్నీ నిజాలే. నిజాలు చెబుతూ ఒక మనిషి ఎంత దాచగలడో చూస్తూ నేను నోట్సు రాసుకున్నాను. పొగగొట్టాల మాట వచ్చినప్పుడు, "పొగ లేని ఊరంటే పని లేని ఊరని అర్థం," అన్నాడు. చప్పట్లు. "మా ఇండస్ట్రీలో ప్రతి చుక్కకూ కొలత ఉంటుంది. మాకు తెలియకుండా ఒక్క చెంబుడు ఎక్కడికీ పోదు," అన్నాడు. మళ్ళీ చప్పట్లు. అంతవరకు ప్రతి మాటకూ తల ఊపుతున్న తాత అక్కడ ఊపడం మానేశాడు. నిద్ర వస్తోందేమో అనుకున్నాను.

ప్రశ్నల సమయం వచ్చింది. మొదటి ముగ్గురూ పెట్రోలు ధర ఎప్పుడు తగ్గుతుందని మూడు రకాలుగా అడిగారు. నాలుగో వంతు నాది. లేచి నిలబడి, ముందే కట్టిపెట్టుకున్న వాక్యాలను ఒక్క తడబాటు లేకుండా చెప్పాను. ఈ పరిశ్రమ వల్ల కలిగిన లాభం దేశమంతటిదని మీరే అన్నారు. అయితే దాని వల్ల కలిగిన హాని దేశమంతా పంచుకుందా, లేక మనలి, ఎన్నూరు లాంటి నాలుగు పేటల మీదే పడిందా? అలా పడుతుందని తెలిసినప్పుడు ఆ పక్కన ఉండేవాళ్ళకు ముందుగా ఎందుకు చెప్పలేదు? చివరిగా, మీరైతే మీ కుటుంబంతో అక్కడ కాపురం ఉంటారా?

నలభై తలలూ నావైపు తిరిగాయి. నా ప్రశ్న బిగువుకు అనుకున్నాను. వక్త నవ్వాడు.

"ఎందుకుండనమ్మా? నాకు పెళ్ళైన కొత్తలో క్వార్టర్స్ ఆడనే కదా! మా పెద్దమ్మాయి ఆడనే పుట్టింది. ఆ దినాలే వేరు," అని మొదలుపెట్టి, క్వార్టర్స్‌లో దోమల గురించి, కంపెనీ బస్సు డ్రైవరు గురించి ఐదు నిమిషాలు చెప్పాడు. ముసలివాళ్ళంతా మురిసిపోయారు. చివర, "ఇంతకూ పాపా, ఈడికి దేంట్లో వచ్చినావు?" అన్నాడు.

"స్కూటీలో."

"నీళ్ళు పోస్తే నడుస్తుందా అది?"

గది గొల్లుమంది. ఒకాయన తొడ కొట్టుకున్నాడు.

"మొదటి రెండు భాగాలకు మీరు జవాబు చెప్పలేదు," అన్నాను.

"ఒక మనిషికి ఒక ప్రశ్నమ్మా," అన్నాడు అధ్యక్షుడు. "అయిపోయింది. కూర్చో."

"జవాబు రాని ప్రశ్న అయిపోయినట్టు కాదు సార్."

"ఇది మీ కాలేజీ కాదు. కూర్చోమంటే కూర్చోవాల."

"కూర్చోను."

వెనక వరసలో ఎవరో తమిళంలో, "యారుడా ఇదు?" అన్నారు, ఎవర్రా ఇది అని. ఇంకొకరు, "ఎవురయ్యా ఈ పిల్లని తెచ్చింది? మేము వచ్చేది నిమ్మతిగా రెండు మాటలు వినడానికి," అన్నారు. నిమ్మతి అంటే తమిళంలో మనశ్శాంతి. ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. అప్పటివరకు వక్తతో మాట్లాడుతున్నదాన్ని గదివైపు తిరిగాను. "మీ అందరి ఇళ్ళూ ఇక్కడికి దగ్గరే. మీలో ఒక్కరైనా ఆ వాగులో చేప తిన్నారా? తినగలరా?" అని అడిగాను.

"మేము తినేది పప్పుచారు పాపా," అన్నాడొక పెద్ద వ్యాపారి తాపీగా. ఈసారి నవ్వు మేడ దిగి కింద దుకాణందాకా వినిపించి ఉంటుంది.

అప్పుడు అనకూడనిది అన్నాను. "మీకు ఇక పోయేది ఏమీ లేదు కాబట్టి నవ్వు వస్తోంది. మీరు పోయాక ఆ నీళ్ళు తాగేది మేము," అన్నాను.

నవ్వు ఆగిపోయింది. ముసలివాళ్ళతో వాళ్ళ చావు గురించి మాట్లాడాను. అదీ వాళ్ళ సొంత గదిలో, వాళ్ళు వేసిన స్టూలు పక్కన నిలబడి. కొందరు లేచారు. అధ్యక్షుడి ముఖం నల్లబడింది. సెక్రటరీ సన్నటి మనిషి, నెమ్మదస్తుడు. మినిట్స్ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని తాత వైపు తిరిగాడు. నియమం ప్రకారం అడగవలసిందే అడిగాడు.

"అన్నా, ఈ ప్రశ్న మీదేనా?"

తాత లేవడానికి చాలాసేపు పట్టింది. ఎవరో, "కాదని చెప్పేయన్నా, వదిలెయ్," అన్నారు. నేను ఆయన వైపు చూడలేదు. చూసి ఉంటే బతిమాలినట్టు ఉండేది.

"నాదే," అన్నాడు.

స్కూటీ వెనక కూర్చుని ఇంటిదాకా ఓపిక పట్టాడు. ఇంట్లో చెప్పులు విప్పుతూ మాత్రం పేలాడు. "ఏందిమే నువ్వు చేసింది? పెద్దోళ్ళతో అట్లనా మాట్లాడేది? చచ్చిపోతారని మొగం మీద చెప్తావా?"

"వాళ్ళు నవ్వారు తాతా."

"నవ్వితే నవ్వినారు. నవ్వేదానికే ఆడికి వస్తారు వాళ్ళు. ఇంట్లో ఎవురు నవ్వనిస్తారు?" అని చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. "ఇంకోటి. అడిగేదైనా సరిగ్గా అడిగినావా? మూడు తలుపులు తెరిచిపెట్టి పిలిస్తే, వాడు ఏది సులువో దాంట్లో దూరిపోయినాడు. క్వార్టర్సు, దోమలు! ఒక్కటే అడిగి, ఊరకే నిలబడాల. అంతే."

మూడేళ్ళ శిక్షణను మా తాత చెప్పులు విప్పినంతసేపట్లో తీసిపారేశాడు. ఆయన అన్నది నిజం కావడం నా కోపాన్ని ఇంకా పెంచింది. "అయితే నాదే అని ఎందుకన్నావు?" అన్నాను.

"కాదంటే నిన్ను ఆడనే నిలబెట్టి తరుముతారు. చూస్తా కూర్చోనా?"

రెండు రోజుల తర్వాత సెక్రటరీ మా ఇంటికి వచ్చాడు. అమ్మ కాఫీ ఇచ్చింది. ఆయన నావైపు చూడకుండా తాతతోనే మాట్లాడాడు. కమిటీ కూర్చుందట. వక్త నొచ్చుకున్నాడట. అధ్యక్షుడు సభ్యత్వమే తీసేయాలన్నాడట, తానే సర్దిచెప్పాడట. "ఒక్క లైను రాసివ్వన్నా. 'ఆ ప్రశ్న నాది కాదు' అని. పుస్తకంలో కొట్టేస్తాము. కథ ముగిసిపోతాది. నీ కుర్చీ నీకుంటాది. లేదంటే ఈ ఏడాది అయ్యేదాకా రావద్దని అంటున్నారు." కాస్త ఆగి, "అబద్ధం రాయమని అడగలా కదన్నా. నీది కాదు కదా నిజానికి," అన్నాడు.

ఆయన వెళ్ళాక తాత కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టాడు. "నువ్వే రాయి. మాటలు కట్టడం నీకొచ్చు కదా. ఈ ఇంట్లో ఇంకెవురికొచ్చు?"

రాశాను. అది నాకు రుచించే పని కాదు. కానీ ఆ రెండు సాయంత్రాలూ నాలుగు గంటలకు తాత చొక్కా తొడుక్కుని గుమ్మందాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి టీవీ ముందు కూర్చోవడం చూశాను. పైగా సెక్రటరీ చెప్పింది కాదనలేనిది. సత్యం ప్రకారం ఆ ప్రశ్న నాది, ఆయనది కాదు. ఆ సత్యాన్నే రాస్తే ఆయన కుర్చీ ఆయనకు దక్కుతుంది. పదేపదే చూసుకుని, ఎవరికీ తల వంచని నాలుగు వాక్యాలు రాశాను. 'సదరు ప్రశ్న నా మనవరాలిది. దాని భావానికి గానీ, అడిగిన తీరుకు గానీ నేను బాధ్యుణ్ణి కాను' అన్నవి వాటిలో చివరి రెండు.

తాత కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. కాగితం మడిచి నాకే ఇచ్చాడు.

"ఇది కాదు."

"ఇందులో అబద్ధం ఏముంది తాతా?"

"అబద్ధం లేదు. ఆ దినం నాది కాదు. నిజమే."

"మరి?"

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. నాకు కాదు, ఎదురుగా ఉన్న గోడకు చెప్పినట్టు చెప్పాడు.

"ఒక వానాకాలంలో యార్డులో ఒక ట్యాంకు నింపి, వాల్వులన్నీ మూసి సీలు వేసినాము. మూసిన ట్యాంకులో రాత్రి ఎంతుంటే పొద్దున అంతే ఉండాల. నేను డిప్పు వేస్తే దినానికి కొంచెం తగ్గతా వచ్చింది." చిటికెనవేలి గోరు చూపించాడు. "ఇంతే. సూపర్వైజరుకు చెప్పినా. చలికి ఆయిల్ కుంచించుకుంటాదప్పా, నిన్నటి అంకే రాయి అన్నాడు. రాసినా."

"చలికి నిజంగానే కుంచించుకుంటుందా?"

"కుంచించుకుంటాది. అది నిజమే. కానీ వానలు పోయి ఎండ కాసింది. చలికి తగ్గింది ఎండకు పెరగాల కదా. పెరగలా. ఇంకా తగ్గింది. నేను నిన్నటి అంకే రాస్తా పోయినా."

"ఎన్నాళ్ళు?"

"ట్యాంకు ఖాళీ చేసేదాకా." గోడ మీదనుంచి చూపు తిప్పలేదు. "యార్డు గోడ అవతల వీధిలో బోరునీళ్ళు కంపు కొడతాండాయని ఆడోళ్ళు బిందెలెత్తుకుని గేటుకాడికి వచ్చినారు. మేము లోపలినుంచి చూసినాము. వాళ్ళకు తెలియదు, నాకు తెలుసు. గేటుకాడికి పోయి ఒక మాట చెప్పి ఉండొచ్చు. మీ అమ్మ అప్పుడు ఆరో క్లాసు. ఉద్యోగం పోతాదని భయం. చెప్పలా."

నా చేతిలో కాగితం ఉంది.

"నువ్వు అడిగిందాంట్లో రెండోది ఒకటి ఉండాది కదా. పక్కన ఉండేవాళ్ళకు ఎందుకు చెప్పలేదు అని. వాడిని అడిగినావని నువ్వు అనుకున్నావు. వాడేమో దోమల కత చెప్పినాడు. నాకు మాత్రం రెండు దినాలుగా నిద్ర లేదు."

ఇటువంటి చోట మనసు కరిగిందని రాయడం సులువు. నాకు కరగలేదు. నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళూ ఎన్నూరు గురించి, మనలి గురించి నేను ఈ ఇంట్లో గొంతు చించుకుంటుంటే, ఈయన అన్నంలో మజ్జిగ కలుపుకుంటూ విన్నాడు. ఆ మాటే అన్నాను. ఆ బిందెలవాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారో తెలుసా అని కూడా అడిగాను.

"తెలియదు," అన్నాడు. "అడుగు. ఇంకా అడుగు. ఈసారి ఒక్కొక్కటే అడుగుతాండావు. మేలు."

తర్వాత పెన్ను తీసుకుని తానే రాశాడు. పెద్ద పెద్ద అక్షరాలు, యార్డు పుస్తకంలో అంకెలు రాసిన చెయ్యి. 'ప్రశ్న నాదే. నా మనవరాలు పెద్దలతో అరిచి మాట్లాడినందుకు విచారిస్తున్నాను.' రెండో వాక్యం తీసేయమని నేను, తీయనని ఆయన, అరగంట పోట్లాడుకున్నాం. అరిచింది నిజమా కాదా అన్నాడు. నిజమే అన్నాను. అది ఉండిపోయింది.

కమిటీకి మొదటి వాక్యమే నచ్చలేదు. ఏడాది చివరిదాకా రావద్దని కబురు వచ్చింది.

ఇప్పుడు నాలుగయ్యేసరికి మా ఇంట్లో యుద్ధం మొదలవుతుంది. ఫ్యాను స్పీడు దగ్గర, టీవీ గొంతు దగ్గర, నేను ఫోనులో మాట్లాడే ఇంగ్లీషు దగ్గర. "మూడు గంటలు మింగేసినావు కదా మేడం, ఇప్పుడు కూర్చుని నాతో ఆడు," అని క్యారమ్ బోర్డు తెప్పించాడు. నేను ఓడిపోతే సంతోషం, గెలిస్తే బోర్డు వంకర. ఆటకూ ఆటకూ మధ్య తన ప్రశ్న రాసుకుంటాడు. మొదట అర పేజీ ఉండేది. కొట్టేసి కొట్టేసి ఇప్పుడు రెండు లైన్లకు తెచ్చాడు. మూసిన ట్యాంకులో కొలత తగ్గినప్పుడు నిన్నటి అంకె రాయమనేది ఎవరు, రాసినవాడు ఏం చేయాలి? నేను ఒక మంచి క్రియాపదం సూచిస్తే, "నీ సొగసులు వద్దు," అన్నాడు.

గడువు ముగిసిన తర్వాత జరిగే మొదటి సభలో అడుగుతాడట. ఆ సభకు షుగరు జబ్బు గురించి ఒక డాక్టరు వస్తున్నాడని సెక్రటరీ ఫోనులో చెప్పాడు.

"డాక్టరును ట్యాంకు గురించి అడుగుతావా తాతా?"

"ఎవురు మాట్లాడితే నాకేంది? ఒక సభ్యుడికి ఒక ప్రశ్న. దేని గురించి అడగాలని రూల్లో యాడా లేదు. వాడు జవాబు చెప్పకపోయినా పర్లేదు. ఆడ కూర్చున్న నలభైమంది వినాల."

"వింటే ఈసారి సభ్యత్వమే తీసేస్తారు."

"తీస్తే తీస్తారు," అని స్ట్రైకరు గీత మీద పెట్టి గురి చూశాడు. "నిన్ను మాత్రం తీసుకపోను."

"కింద దుకాణం దగ్గర నిలబడతాను."

"ఆడ కూడా వద్దు," అన్నాడు.